ముఖాల లెన్సు

బెంగళూరు నుంచి అమ్మకానికి వచ్చిన మునస్వామి రెండు కెమెరా లెన్సులను తీసి మంచం మీద పరిచిన గుడ్డపై పెట్టాడు. మదనపల్లె స్కూలు మాస్టారు దేవసహాయం ఫోటోల సరదా కోసం కూడబెట్టిన డబ్బు ఒక్కదానికే చాలుతుంది.

“హార్స్‌లీ కొండ మొత్తం పడేది ఇదే కదప్పా? ఇదే ఇయ్యి,” అన్నాడు మాస్టారు.

“వద్దు, మొగాలు బాగా పడేది తీసుకోండి,” అంది భార్య సుగంధమ్మ, కొంగుతో దగ్గును అదుముకుంటూ.

దేవసహాయం నవ్వాడు. “కెమెరా సూస్తేనే వంటింట్లోకి పరిగెత్తేదానివి. ఈ పొద్దు నీకేమొచ్చె?”

“కొండ యాడికి పోతాదండీ? ఆడనే ఉంటాది.”

అతని నవ్వు ఆగిపోయింది. పొద్దున క్షయ ఆసుపత్రి నుంచి ఒంటరిగా తిరిగొచ్చినప్పటి నుంచీ, డాక్టరు ఏమన్నాడో ఆమె చెప్పనేలేదు.

“మొగాలదే ఇయ్యప్పా,” అన్నాడు మెల్లగా.

“వెలుతురు ఉండంగానే తీయండి. తల దువ్వుకోనొస్తా,” అంటూ ఆమె లోపలికి పోయింది.