లీవర్ మీద ఎర్ర ఊలు

1999 ఫిబ్రవరి 16, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు; ఈశాన్యపు గాలి; గొడుగు తెరవనక్కరలేనంత సన్నని తుంపర. ప్రౌట్ దంపతుల ఇంటి వసారాలో గ్లెన్ మోకాళ్ల మీద కూర్చుని, ఎనిమిది రోజులలో మూడవసారి అదే బండిని పరీక్షిస్తున్నాడు. నడవలేని వృద్ధులు కూర్చుని నడుపుకునే బ్యాటరీ స్కూటర్ అది. అటువంటివి ఆ సముద్రతీరపు ఊరిలో నాలుగు వందలు ఉన్నాయి. వాటన్నిటికీ మరమ్మతు చేసేవాడు గ్లెన్ ఒక్కడే.

"తాళం తిప్పారా అమ్మా?"

"తిప్పాను. దీపం వెలిగింది. బండి మాత్రం మొండికేసింది," అన్నది మేవిస్. కోటు గుండీలన్నీ పెట్టుకుని, టోపీతో సహా సీటు మీద సిద్ధంగా కూర్చున్నది. "నాలుగింటి రైలు వేళకు నేను కేబిన్‌లో ఉండాలి నాయనా. నువ్విలా నింపాదిగా చేస్తుంటే అవతల జనం నన్ను తిడతారు."

ఆమె నవ్వులాటకు అన్నదనుకుని గ్లెన్ నవ్వాడు. గోడ మీది ఫొటోలో రైల్వే టోపీ పెట్టుకుని ఉన్న యువతి ఆమే. సముద్రపు ఒడ్డున సిగ్నల్ కేబిన్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. ఆ రైలుమార్గం ఎత్తివేసి ముప్పై ఏళ్లు కావస్తున్నది. కేబిన్ పడగొట్టిన చోటనే ఇప్పుడు పడవలను నీటిలోకి దించే సిమెంటు వాలు ఉన్నది.

బ్యాటరీ నిండుగా ఉన్నది. ఛార్జర్ తీగ ఊడదీసే ఉన్నది. ఫ్యూజు చెడలేదు, సీటు గడియ సరిగానే పడింది. ఇక మిగిలినది వెనుక చక్రం పక్కనున్న పసుపురంగు లీవర్. దానిని కిందికి దించితే మోటారుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు బండిని చేత్తో నెట్టుకోవలసిందే. పైకెత్తితేనే అది నడుస్తుంది.

లీవర్ మూడవసారి కూడా దించి ఉన్నది. మూడవసారి కూడా దాని పిడికి ఎర్ర ఊలు చుట్టి, ముడివేసి ఉన్నది.

మేవిస్ భర్త సిరిల్ టీ తెచ్చాడు. కీళ్లవాతంతో వేళ్లు లోపలికి ముడుచుకుపోవడంతో కప్పును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకున్నాడు. బూటు లేసు ఊడి నేలమీద ఈడుస్తున్నది.

"ఇటురా, ఎన్నిసార్లు కట్టను నీకు?" అని మేవిస్ సీటులోనే వంగి దానిని బిగించి కట్టింది.

గ్లెన్ అతనిని వంటగదిలోకి పిలిచాడు.

"పెద్దాయనా, దాపరికం వద్దు. ఆ లీవర్ దించుతున్నది మీరే కదా?"

"నేనా? వంగితే మళ్లీ లేవగలనా అబ్బాయ్?"

"మరి ఊలెవరు చుట్టారు? గాలొచ్చి చుట్టిందా?"

సిరిల్ తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు. "పొద్దున పూట ఆవిడ బుర్ర సూదిలా ఉంటుంది. కిరాణా చీటీ రాస్తుంది, నా తప్పులు దిద్దుతుంది. రెండు దాటిందంటే డ్యూటీ డ్యూటీ అని మొదలు. జనవరిలో వాలు దిగిపోయింది. ముందు చక్రాలు నీళ్లలో ఉండగా చేపలవాళ్లు లాగారు. అయినా నేను దించలేదయ్యా. బండి పాడైందని ఫోన్ చేసేది కూడా ఆవిడే. పాడైతే పాడైందిలే, బతికిపోయామనుకుంటున్నా."

"అందుకని ఇంట్లో కట్టిపడేస్తారా? మా అమ్మమ్మను మా మామయ్య ఇలాగే గదిలో పెట్టి తాళం వేశాడు. ఆరు నెలల్లో పోయింది."

సిరిల్ కిటికీ వైపు తిరిగాడు. దానిని గ్లెన్ ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

అతడు ఊలును కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. లీవర్ ఎత్తి, మళ్లీ దించడానికి వీలులేకుండా దానికి స్టీలు పట్టీ వేసి మరలతో బిగించాడు.

"ఇక ఎవరూ మిమ్మల్ని ఆపలేరమ్మా."

"చల్లగా ఉండు నాయనా," అన్నది మేవిస్. పని ముగిసేసరికి అయిదు దాటి చీకటి పడుతుండటంతో సిరిల్ ఆమెను బతిమాలి లోపలికి తీసుకుపోయాడు. బుధవారమంతా కుండపోతగా వాన.

గురువారం వాన వెలిసింది. మధ్యాహ్నం భోజనమయ్యాక సిరిల్ కుర్చీలో కునుకు తీశాడు. అదీ పన్నెండు నిమిషాలే. మూడు గంటల నలభై నిమిషాలకు బండి సిమెంటు వాలు దిగింది. ఈసారి ఒడ్డున చేపలవాళ్లు లేరు.

మేవిస్ మరణం మీద జరిగిన విచారణలో బండిని చూపించారు. స్టీలు పట్టీ మీద కత్తెర గాట్లు పద్దెనిమిది ఉన్నాయి. పట్టీ మాత్రం తెగలేదు. బండిని మళ్లీ కదలకుండా చేయడానికి ముసలాయన ప్రయత్నించి ఉంటాడని గ్లెన్ వాంగ్మూలమిచ్చాడు. సిరిల్ ఖండించలేదు. భార్యను బంధించిన మనిషిగానే ఊరు అతనిని చూసింది. పద్నాలుగు నెలల తరువాత అతడూ పోయాడు.

2010 అక్టోబరులో గ్లెన్ పక్క జిల్లాలోని రైల్వే ప్రదర్శనశాలకు వెళ్లాడు. అక్కడి పాత సిగ్నల్ కేబిన్‌లో వరుసగా నిలిచిన లీవర్లలో ఒకదాని పిడికి ఎర్రని ఇనుప వలయం తొడిగి ఉన్నది.

"ఇదెందుకండీ?" అని అడిగాడు.

"పట్టాల మీద రైలు ఆగి ఉన్నప్పుడు ఈ లీవర్ లాగితే వెనుక వచ్చే రైలుకు దారి ఇచ్చినట్టే, ప్రాణాలు పోతాయి," అన్నాడు అక్కడి ఉద్యోగి. "మాకు పని హడావిడిలో మతిమరుపు సహజం కదా! అందుకని తెలివి ఉన్నప్పుడే దీన్ని తొడుగుతాం. ఇది పక్కవాడికి కాదు సార్, కాసేపటికి మరిచిపోబోయే మనకు మనం చెప్పుకునే మాట: చెయ్యి వెయ్యకు అని."

ఎర్ర ఊలు చుట్టినది మేవిస్.