కువైట్ సామాను

మసాలా నూరే రాతిబండను గోనెపట్టాలో పెట్టి కుడుతున్న భార్యను చూసి షౌకత్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గది సుత తీస్కపోతవా?"

"మరి? కొత్త జాగల దేంతోని నూరాలె?" అంది ఇస్మత్, తలెత్తకుండా.

అప్పటికే క్వార్టరు ముందుగదిలో సామాను నడుం ఎత్తు పేరుకుంది. ట్రంకు పెట్టెలు, పరుపుచుట్టలు, బొగ్గుల పొయ్యి, బిందెలు, బియ్యం డబ్బా. చివరికి తలుపు పరదా కూడా విప్పి మడతపెట్టింది. ఓడలో కువైట్ పోయేవాళ్లు ఇంత మోసుకుపోరని అతడు రెండుసార్లు చెప్పి చూశాడు. మూడోసారి చెప్పే మొహం లేకపోయింది.

వాళ్లు కువైట్ పోవడం లేదు. ఆ మాట అతడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పదహారేళ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు అతడు. కువైట్‌లో ఉన్న స్నేహితుడు మొయినుద్దీన్, పని ఉంది, ఇల్లూ ఇస్తారు, పిల్లతో సహా వచ్చేయమని రాశాడు. షౌకత్ రాజీనామా ఇచ్చేశాడు. తోటివాళ్లు దండలు వేసి ఫొటో తీయించారు. అతడి జాగాలో ఇంకొకడు చేరిన వారానికి మొయినుద్దీన్ దగ్గర్నుంచి రెండో ఉత్తరం వచ్చింది. కంపెనీ పని ఆగిపోయింది, వీసాలు రద్దయ్యాయి, బయలుదేరొద్దు.

ఆ ఉత్తరాన్ని మూడు రోజులు చొక్కాజేబులో మోశాడు; రాత్రిళ్లు చొక్కా గోడ మేకుకు వేలాడినా అందులోంచి తీయలేదు. నాలుగో రోజు చించి కాలువలో పారేశాడు. ఇస్మత్‌కు చెప్పాలనే ఇంటికొచ్చాడు. వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరి ఓడ ముచ్చట్లు అడుగుతున్నారు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు నెల దాటినా రాలేదు.

బొంబాయి దాకా పోదాం. ముసాఫిర్‌ఖానా సత్రంలో దించి, ఓడ ఆలస్యమని చెప్పి, ఏదో ఒక పని వెతుక్కుందాం. అంతకుమించి అతడికేమీ తోచలేదు.

ప్రయాణం రోజు పక్కింటి గంగమణి గిన్నెడు మామిడి తొక్కు తెచ్చింది. గోనెమూటలు చూసి నవ్వింది.

"గా బొగ్గుల పొయ్యి నాకిచ్చిపో ఇస్మతూ. గా దేశంల గ్యాసు పొయ్యిలేనట గద."

"ఇయ్యలేనక్కా. ఏమనుకోకు."

గంగమణి ముఖం చిన్నబోయింది. అడగకుండానే అందరికీ పెట్టే చెయ్యి ఇస్మత్‌ది. తన అబద్ధం ఆమెను పిసినారిని కూడా చేస్తోందని షౌకత్ కుమిలిపోయాడు. పొయ్యి ఇచ్చేయమని అనబోయి ఆగాడు. దాని అవసరం ఎంతుందో తనకే కదా తెలుసు!

ముసలి ఫిట్టరు దశరథం వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"మల్లొచ్చేటప్పుడు ఒక రేడియో తేవాలె షౌకత్. మరువకు."

"తెస్తనే అన్నా," అన్నాడు షౌకత్. ఆయన కళ్లలోకి చూడలేకపోయాడు.

మాక్లూర్ వైపు పోయే ఖాళీ చెరుకు లారీ వాళ్లను, సామానునూ నిజామాబాద్ స్టేషన్లో దించింది. మన్మాడ్‌లో బండి మారేటప్పుడు కూలీలు గోనెమూటలు ఎత్తలేక తిట్టుకున్నారు. ఇస్మత్ ఒక్కొక్కటీ తడిమి లెక్క చూసుకుంది. షౌకత్ తల తిప్పుకుని కూలీల డబ్బులు లెక్కపెట్టాడు. ఇన్నీ మోయించి ఈ మనిషిని ఎక్కడ కూలేస్తున్నాడు తను?

తెల్లవారి బండి ఇగత్‌పురి దాటింది. ఏడేళ్ల బిల్కిస్ తండ్రి ఒళ్లోకి ఎక్కింది.

"అబ్బా, ఓడకు కిటికీలుంటయా?"

"ఉంటయి బిడ్డా."

"నేను కిటికీ కాడ కూసుంట. సముద్రం చూస్త."

"కూసో."

పిల్లను మెల్లగా దించి తల్లి వైపు జరిపాడు. ఇస్మత్ దువ్వెన తీసుకుని దాని జుట్టు చిక్కు తీయసాగింది. బండి ఘాట్ దిగుతోంది. ఒకటి, రెండు, మూడు సొరంగాలు దాటాయి. ప్రతి సొరంగంలోనూ చీకట్లో చెప్పేయాలనుకున్నాడు. ప్రతిసారీ వెలుతురు వచ్చేసింది.

ఆఖరికి కళ్లు మూసుకున్నాడు.

"ఇస్మత్, నీకొక మాట చెప్పాలె. నేను తప్పు చేసిన. మనం..."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురు సీటులోని మరాఠీ ముసలామె ముఖం తిప్పుకుంది.

ఇస్మత్ జడ అల్లడం ఆపలేదు. కొంగు అంచు మాత్రం అతడి చేతికి అందించింది, తుడుచుకోమన్నట్టు.

"కల్యాణ్‌ల దిగాలె, సామాను తలుపు కాడికి జరుపుర్రి," అంది మెల్లగా, "భివండిల మా ఖాలమ్మ కొడుకు మనకు గది, మీకు కరెంటు మగ్గాల కార్ఖానల పని మాట్లాడి పెట్టి నెల దాటింది."