నిండు బిందె

పిల్లలు పుట్టకుండా కోసి కట్టిన ట్యూబులను మళ్లీ అతికించే డాక్టరమ్మ వికారాబాద్‌లో ఉందని విన్న రోజు నుంచి వెంకటేశం కాలు ఒకచోట నిలవలేదు.

తాండూరులో బండలకు పాలిష్ పట్టే మిషన్ మీద పని అతనిది. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది కూడా బడికి పోవడం మొదలుపెట్టాక ఇల్లు బోసిపోయింది. మొన్న చెల్లెలు పసిపిల్లతో వస్తే, ఎత్తుకున్నవాడు ఇక దించలేదు. బజారంతా తిప్పాడు. మిషన్ దగ్గరికి కూడా తీసుకుపోయి బండలు చూపించాడు.

ఆ సాయంత్రమే భార్య నిరోషాతో మాట ఎత్తాడు. ఆడపిల్లైనా సరే, మగపిల్లాడైనా సరే, ఇంకొకరిని కందామన్నాడు. అయిదేళ్ల కిందటి ఆపరేషన్‌ను విప్పించుకోవచ్చట అన్నాడు.

ఆమె భయపడుతుందనుకున్నాడు. నిరోషా నవ్వింది.

"సరే తియ్యి. గని నువ్వు రావద్దు. అత్తమ్మ, నేను పోయొస్తం."

అనుమానం అక్కడ పుట్టింది.

తల్లి మొగులమ్మకూ నిరోషాకూ చారులో ఉప్పు దగ్గర కూడా కుదరదు. అలాంటి ఇద్దరూ ఇప్పుడు పొయ్యి దగ్గర తలలు ఆనించి గుసగుసలాడుతున్నారు. అతను గడపలో అడుగు పెడితే ఒకరు గిన్నె తోముతారు, ఒకరు ఖాళీ చాటను చెరుగుతారు.

అనుమానం వచ్చిన మనిషికి పాత సంగతులన్నీ లేచి కూర్చుంటాయి.

ఆపరేషన్ నాడు వెంకటేశం ఊళ్లో లేడు. బండల లారీతో బొంబాయి పోయాడు. అత్తాకోడళ్లిద్దరే క్యాంపుకు పోయారు. నిరోషాకు ఆపరేషన్ అయిందని తల్లే ఫోన్‌లో చెప్పింది. మూడో రోజు అతను ఇల్లు చేరేసరికి నిరోషా నల్లా దగ్గర నుంచి నిండు బిందె చంకన పెట్టుకుని వస్తోంది. మొగులమ్మ మాత్రం నడుము పట్టిందని మంచం మీద మూలుగుతోంది. పొయ్యి ముఖం చూడని తండ్రి బాలప్ప ఆమెకు జొన్న గటక కాచి పోస్తున్నాడు.

కోత పచ్చి ఆరకముందే బిందె ఎత్తిన పెళ్లాం గురించి వెంకటేశం తాండూరంతా చెప్పుకున్నాడు. చెప్పిన కొద్దీ బిందె పెరిగింది. ఒకటి రెండయింది. రెండు బిందెలు డ్రమ్ము అయ్యాయి. చాయ్ హోటల్ బాల్‌రాజ్ చెవిలో పడేసరికి నిరోషా నీళ్ల ట్యాంకర్‌నే ఇంటిదాకా తోసుకొచ్చింది.

ఇంకొక సంగతి. ఆపరేషన్ అయినప్పటి నుంచి నిరోషాకు తలనొప్పి. మూడు నెలలకోసారి వికారాబాద్ పోయి సూది వేయించుకుంటుంది. తాండూరులో దొరకని సూది అక్కడ ఎవరేస్తున్నట్టు? అతను పిల్లల మాట ఎత్తగానే ఆ తలనొప్పి మాయమైంది కూడా.

అత్తాకోడళ్లు రైలెక్కిన నాడు అతనూ వెనక డబ్బాలో ఎక్కాడు. గుర్తు పట్టకుండా తలకూ ముఖానికీ తువ్వాల చుట్టాడు. ఎండకు లోపల ఉడికిపోయాడు.

వికారాబాద్‌లో ఇద్దరూ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ల తలలపైన గోడకు, మూడు నెలలకో సూదితో బిడ్డకూ బిడ్డకూ ఎడం పెట్టుకోమనే బోర్డు ఉంది. ఎదురుగా ఇంకో అత్తాకోడళ్లు, ఇద్దరికీ నెలలు నిండిన కడుపులే. చూసినవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు.

"చిన్నాయన, కొడుకు ఒక్క తొట్టెలనే ఊగుతరు తియ్యి," అంది ఒకామె. బెంచీలన్నీ నవ్వాయి.

మొగులమ్మ నవ్వలేదు. పదిహేనేళ్లకే కొడుకును కన్న మనిషి. వెంకటేశం పక్కన నిలబడితే అక్క అనుకుంటారు. ముఖాన కొంగు కప్పుకుని లేచింది. కోడలి చెయ్యి పట్టి బయటికి నడిచింది.

డాక్టరమ్మ గది తలుపు ఇద్దరూ ముట్టనే లేదు. బస్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నారు. గాజులు వేసుకుని చూసుకున్నారు. తిరుగు రైలెక్కారు.

సాయంత్రం వెంకటేశం ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఏమన్నది డాక్టరమ్మ?"

"అతికినయంట," అంది నిరోషా.

"కోత లేకుంటనేనా?"

"ఇప్పుడు కోతలెక్కడియిరా. మిషిన్ల పండవెట్టి తీసిన్రు," అంది మొగులమ్మ.

బజ్జీల నూనె ఇంకా ఆమె కొంగుకే ఉంది.

వానలు పడేనాటికి నిరోషాకు వాంతులు మొదలయ్యాయి. వాడకట్టు ఆడవాళ్లు ఆ డాక్టరమ్మను తెగ మెచ్చుకున్నారు. కొందరు అడ్రసు కూడా అడిగారు.

వెంకటేశానికి లోపల బండ కోసే మిషన్ తిరుగుతోంది. ట్యూబులు ఎవరూ అతికించలేదు. అది తన కళ్లతో చూశాడు. మరి ఈ కడుపు? వికారాబాద్‌లో సూది వేసేవాడెవడో ఉన్నాడు. వాడికీ నిరోషాకూ తల్లే కాపలా.

నిరోషా బట్టలు సంచిలో కుక్కాడు. బంట్వారంలో తల్లిగారింటి ముందు దించి వస్తానన్నాడు. మళ్లీ తీసుకురానన్నాడు. పిల్లలిద్దరూ తల్లి కొంగు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టారు.

నిరోషా అత్త వైపు చూసింది.

"ఇగనన్న చెప్పు అత్తమ్మా."

మొగులమ్మ ముఖాన కొంగు కప్పుకుంది. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఇన్నేళ్లలో ఏ గొడవలోనూ నోరు విప్పని బాలప్ప అరుగు మీద నుంచి లేచాడు. వచ్చి కొడుకు చేతిలోని సంచి పట్టుకున్నాడు.

"నువ్వు జెప్పు బాపు. ఆపరేషనైనదానికి కడుపెట్లైతది?" అన్నాడు వెంకటేశం.

బాలప్ప బీడీ కింద పడేశాడు. కొడుకు ముఖంలోకి చూడలేక గోడ వైపు తిరిగాడు.

"గానాడు క్యాంపుల ఆపరేషనైంది మీ అమ్మకు, కొడకా."