ఖాళీగా ఎవరూ లేని గల్లీ

"కృష్ణయ్య ఏం పని చేస్తడమ్మా?"

"మా ఇంటాయన డ్యూటీకి పోయిండు. రాసుకో," అంది బాలమ్మ.

నిరుద్యోగుల సర్వే కోసం ఉప్పుగూడ వచ్చిన విఠల్‌రావు, గడప పక్కనున్న మగ చెప్పుల వంక చూశాడు. లోపల ఎవరో దగ్గారు.

"గల్లీ అంత పనిచేసిన మిల్లు మూసి రెండేండ్లాయె. ఇంకేం డ్యూటీ?" కాగితాలు అరుగు మీద పడేశాడు. "ముప్పై ఇండ్లు తిరిగిన. పని లేదని ఒక్కలన్నా చెప్తలేరు! పోయినేడు గూడ గిట్లనే. అమెరికాల ఏటికేడు బేకార్లు పెరిగిన్రు, మనకాడ తగ్గిన్రు అని ఢిల్లీల రాసుకుంటరు!"

"మరి అమెరికోళ్లు ఎందుకు చెప్తరు?"

"చెప్తే ఆడ సర్కారు పైసలిస్తది."

"ఈడ?"

"ఏమియ్యదు."

"మరి ఉన్న ఇజ్జత్ ఎందుకు తీసుకోవాలె? నీదన్నా పక్కా నౌకరీయేనా సారూ?"

"నెలాఖరుకు అయిపోతది."

"ఇంట్ల చెప్పినవా?"

విఠల్‌రావు కాగితాలు ఏరుకుని, కృష్ణయ్య పేరు పక్కన 'పనిలో ఉన్నాడు' అని రాశాడు.

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఆ చెప్పులు లోపల పెట్టుకో అమ్మా. రేపు తనిఖీకి మా ఆఫీసర్ వస్తడు."