మూడో డేరాలో కంపు

తెల్లారేసరికి డేరాలో గుప్పుమంది.

“ఛీ ఛీ! ఎవరే ఆ పని చేసింది?” అంటూ ఒక పిల్ల ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తింది. దాని వెనకే ఇంకొకతె. మూడోది గుమ్మం దాకా వచ్చి అక్కడే ఓకరించింది.

గైడ్స్ క్యాంపు మొదలై ఒక్క రాత్రే గడిచింది. మూడో డేరాలో లీడరుతో కలిపి అయిదుగురు ఆడపిల్లలు. లీడరు తొమ్మిదో తరగతి. అందరూ లీడరక్క అంటారు. అప్పటికే ఆమె లేచి, స్నానం చేసి, యూనిఫాం తొడుక్కుని, మెడలో స్కార్ఫు సరిచేసుకుంటోంది. వేలెత్తి చూపడానికి వీల్లేని పిల్ల. చొక్కా చేతిమీద పదకొండు బ్యాడ్జీలు. తాడుతో ముడులు వేసినందుకొకటి, గాయానికి కట్టు కట్టినందుకొకటి, రాళ్ళపొయ్యి మీద అన్నం వండినందుకొకటి. పన్నెండోది నాయకత్వపు బ్యాడ్జీ. పదింటికి పెద్దాఫీసు మేడం వచ్చి, డేరాలు తనిఖీ చేసి, అర్హురాలనుకుంటే అది తగిలించి వెళుతుంది.

సరిగ్గా ఇవాళే ఈ రోత!

లీడరక్క చాపల వంక చూసింది. ఆమె చాప పక్కనే గోళీ ఇంకా ముడుచుకుని పడుకునే ఉంది. ఆరో తరగతి పిల్ల. నిద్రలో ఎటు పడితే అటు దొర్లుతుందని ఆ పేరు పెట్టారు.

“లే!”

గోళీ కదల్లేదు. లీడరక్క రెండు వేళ్ళతో దుప్పటి కొస పట్టుకుని లాగింది. చల్లగా, చెమ్మగా తగిలింది. చటుక్కున వదిలేసింది.

“చూశారా? ఇదిగో, ఇక్కడుంది!” అని అరిచింది, బయట ఉన్న ముగ్గురికీ వినబడేలా.

గోళీ కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుంది. దుప్పటి చూసింది. లీడరక్క మొహం చూసింది. కాస్త ఆగి, “నేనేనక్కా,” అంది.

అంతే. ఏడవలేదు. సాకులు చెప్పలేదు. అదే లీడరక్కకి ఒళ్ళు మండించింది. ఏడ్చుంటే నాలుగు చీవాట్లు పెట్టి వదిలేసేదేమో.

క్యాంపు నడిపే కెప్టెన్ మేడంకి సంగతి తెలిసి లీడరక్కని పక్కకి పిలిచింది. “పసిపిల్ల, కొత్త చోటు. గొడవ చెయ్యకమ్మా. గుట్టుగా ఉతికించి ఆరెయ్యి.”

“అలా ఊరుకుంటే ఎలా మేడం? ఇలాంటి వాళ్ళని వెనకేసుకొస్తే డేరా మొత్తానికి చెడ్డపేరు!” లీడరక్క గొంతు నాలుగు డేరాలకీ వినబడింది. దాంతో గుట్టన్నది లేకుండా పోయింది.

కుళాయి చుట్టూ పిల్లలు మూగారు.

“గోళీ కాదే, ఇది కుళాయి!” అని ఎవరో అన్నారు. ఒకటే నవ్వులు. లీడరక్క నవ్వలేదు గానీ ఆపనూ లేదు.

గోళీ రాతిమీద దుప్పటి పరిచి సబ్బు రుద్దుతోంది. లీడరక్క మూడడుగుల దూరంలో, రుమాలు ముక్కుకి అడ్డంపెట్టుకుని నిలబడింది.

“ఇంకా కొడుతోంది. మళ్ళీ పెట్టు సబ్బు.”

గోళీ మళ్ళీ పెట్టింది.

“మళ్ళీ.”

దుప్పటి నీళ్ళు పీల్చి ఆ పిల్లకంటే బరువెక్కింది. ఒక కొస పిండుతుంటే రెండోది బురదలో పడుతోంది.

“ఈ చివర కాస్త పట్టుకోవా అక్కా?”

“ఛీ! నేను ముట్టుకోను.”

గోళీ దుప్పటిని గుండెలకి హత్తుకుని, గౌను తడిసి ముద్దవుతుంటే, దండెం దాకా మోసుకుపోయింది. లీడరక్క ఇందాక దుప్పటి పట్టుకున్న రెండు వేళ్ళూ సబ్బుతో తోముకుంది. వాసన చూసుకుంది. మళ్ళీ తోముకుంది. మూడోసారి తోమాక కూడా ఆ కంపు తన ఒంటిని వదిలినట్టు అనిపించలేదు.

పదింటికి పెద్దాఫీసు మేడం వచ్చింది. చాపలు వరసగా ఉన్నాయి. డేరా తాళ్ళు బిగుతుగా ఉన్నాయి. గాలి శుభ్రంగా ఉంది.

“పొద్దున ఏదో ఇబ్బంది వస్తే గంటలో చక్కబెట్టావట. లీడరంటే అలా ఉండాలి!” అంటూ పన్నెండో బ్యాడ్జీ తగిలించింది.

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది గోళీ. సబ్బునీళ్ళలో నానిన ఆ వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అటు చూడగానే లీడరక్క చూపు తిప్పేసుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గోళీ పక్కన ఎవరూ కూర్చోలేదు. లీడరక్క సగం అన్నం పారేసి, డేరాలోకి వచ్చి, గోళీ చాప చుట్టచుట్టి ఈడ్చుకుంటూ గుమ్మం దగ్గర పడేసింది. అప్పుడే గోళీ లోపలికి వచ్చింది.

“ఇవాళ్టినుంచి నువ్విక్కడే పడుకో. నా పక్కన వద్దు.”

“ఎందుకక్కా?”

“ఎందుకేంటి? నిన్ను చూస్తేనే అసహ్యంగా ఉంది! అర్థమైందా?”

గోళీ తలూపింది. చాప విప్పి పరుచుకుంది. అక్కణ్ణించి లీడరక్క చాప దాకా ఎంత దూరముందో కళ్ళతో కొలిచింది. బయట ఎవరూ లేరు కదా అని తొంగి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“మరి రేపూ నీ దుప్పటి తడిస్తే, చీకట్లో ఇంత దూరం వచ్చి నాదానితో ఎలా మార్చుకుంటావక్కా?”