బొద్దింకకు నొప్పి తెలుస్తుందా?

"చచ్చేటప్పుడు దానికి నొప్పి తెలుస్తుందంటావా, అమ్మాయ్?"

సింకు కింద సగం దూరి మందు చుక్కలు పెడుతున్న అమ్మాయి ఉలిక్కిపడి లేవబోయింది. తల పైపుకు ఠంగున కొట్టుకుంది. తనకు మాత్రం నొప్పి బాగానే తెలిసింది.

బొద్దింకల మందు కంపెనీలో చేరి మూడు నెలలు. ఈరోజుతో ప్రొబేషన్ ఆఖరు. ఈ ఇంటి పెద్దాయన కాగితం మీద 'తృప్తి' అని రాసి సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటిదారే. వాళ్ళింట్లో డిగ్రీ మొహం చూసింది తనొక్కతే. జంతుశాస్త్రం చదివి బొద్దింకల వెంట పడిందేమిటని అన్నయ్య ఆటపట్టిస్తాడు గానీ, ఆ జీతం మీద ఇంటిల్లిపాదికీ ఆశే.

ఇలాంటి ప్రశ్నలకు కంపెనీ నేర్పిన జవాబొకటుంది. పురుగులకు నొప్పి ఉండదు, నిశ్చింతగా ఉండండి. అదే అప్పజెప్పింది.

పెద్దాయన వదల్లేదు. స్టూలు లాక్కుని కూర్చుని, ఎలా తెలుసన్నాడు. అరవవు కదా అంది. అరవకపోతే లేనట్టేనా అన్నాడు. కాలు విరిగినప్పుడు ఏం చేస్తుందన్నాడు. మందు వాసన వస్తుందా అని అడిగేవాళ్ళనే చూసింది గానీ, బొద్దింక క్షేమసమాచారాలు అడిగే మనిషి ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. జీవహింస అంటూ పని ఆపించేస్తాడేమోనని భయం పట్టుకుంది.

"చదువుకున్నదానివి. నిజం చెప్పు."

ఆ మాటకు ఆమె కంపెనీ జవాబును పక్కన పెట్టేసింది.

"ఖాయంగా ఎవరూ చెప్పలేరు సార్. కాలేజీలో ఒకసారి ఓ బొద్దింక మీసానికి వేడి సూది తగిలింది. కిక్కురుమనలేదు. కానీ ఆ మీసాన్నే పదే పదే తుడుచుకుంది, రెండోదాని జోలికి పోలేదు."

"అయితే?"

"అరవలేదని నొప్పి లేదనుకోలేం. తెలియనప్పుడు ఉందనుకోవడమే మేలు."

అనేసి నాలుక కరుచుకుంది. ఉద్యోగానికి నీళ్ళు వదులుకున్నట్టే.

 పెద్దాయన కాగితం లాక్కుని సంతకం గీకి, 'చాలా తృప్తి' అని రాశాడు. మందు ఎక్కడెక్కడ పెట్టిందో కూడా చూడలేదు. ఆమె తేరుకునేలోపే ఆసుపత్రికి ఫోను కలిపాడు.

"డాక్టరు గారూ, మా ఆవిడకు ఉలుకూ పలుకూ లేదని ఆపేసిన నొప్పి మందు మళ్ళీ మొదలుపెట్టండి."