ఎర్ర గీత

“నా బిడ్డ ఏ బావిలనన్న దుంకుతదేమో వైకుంఠమన్నా! నాకు గుండె దడదడ కొట్టుకుంటున్నది” అంది సత్తెమ్మ, వైకుంఠం ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే.

వెనకే కూతురు కమల వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమె పదకొండు రోజుల పసివాణ్ణి జ్వరం ఎత్తుకుపోయి నేటికి ఆరు రోజులు. సమాధి చేసి వచ్చినప్పటినుంచి కమల నోరు విప్పలేదు.

వైకుంఠం అఫ్జల్‌గంజ్‌లో ఓ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. గౌలిపుర చర్చి సంఘంలో పెద్ద. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాల్లో ప్రతి శుక్రవారం బయటినుంచి వచ్చి ప్రసంగించేవాళ్ల మాటలు నోటుబుక్కులో రాసుకుంటాడు. బైబిల్లో లేని మాట కింద ఎర్ర పెన్సిలుతో గీత గీస్తాడు. గీత పడ్డ మనిషిని పాస్టరుగారు మళ్లీ పిలవరు.

“నిన్న వచ్చినాయన ఏమన్నడు? బాప్తిస్మం కాకుంట పోయిన పిల్లలకు పరలోకం లేదన్నడు. నా బిడ్డ దిక్కే సూస్కుంట అన్నడన్నా!”

“అందరి దిక్కు సూసిండమ్మా.”

“నీకేమెరుక? నువ్వు మగోళ్ల దిక్కు కూసున్నవ్. పుట్టిన మూడోనాడే బాప్తిస్మం ఇయ్యిమని నీ కాళ్లమీద పడ్డ. శ్రమదినాలల్ల ఇయ్యరు, ఈస్టరుకు సూద్దామంటివి. ఏమన్నయితే ఎట్ల, ఏమన్నయితే ఎట్ల అని ఇంట్ల రోజూ మొత్తుకుంటనే ఉన్న. అయ్యే పాయె. ఇప్పుడు గా పసిగుడ్డు నరకంల ఉన్నడా? ఉంటే ఉన్నడని చెప్పు.”

వైకుంఠం నోటుబుక్కు తెరిచాడు. నిన్నటి ప్రసంగంలో ఆ ఒక్క మాట దగ్గరే ఇంకా పెన్సిలు ఆడలేదు. బైబిలు తీసి చాలాసేపు పేజీలు తిప్పాడు.

“ఇగో సూడు. దావీదు రాజు కొడుకు ఏడోనాడు పోయిండు. యూదులు పిల్లలకు సున్నతి చేసేది ఎనిమిదోనాడు. అంటే గా పిల్లగానికి ఏ ఆచారం కాలే. అయినా దావీదు ఏమన్నడు? వాడు నా దగ్గరికి రాడు, నేనే వాని దగ్గరికి పోత అన్నడు. రాజు నరకానికి పోతననుకున్నడా?”

“అనుకోడు” అంది సత్తెమ్మ.

వైకుంఠం గీత గీశాడు. ఆ ఊపుకు కాగితం చిరిగింది.

“తప్పు బోధ. నీ మనవడు దేవుని ఒళ్లె ఉన్నడు. బాప్తిస్మం నీళ్లు పడకున్నా సరే. నేనే ఆపిన, నేనే చెప్తున్న.”

సత్తెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “విన్నవా బిడ్డా? మామ ఎర్ర గీత గీసిండు. ఇగ ఫికర్ లేదు. ఒక్క మాట మాట్లాడవే! గింత చాయన్న తాగు.”

వీధిలో పాలక్యాన్ల చప్పుడు దగ్గరికొచ్చి దూరమైంది. గ్లాసులో చాయ మీద మీగడ కట్టింది. కమల చిరిగిన కాగితం వైపే చూస్తోంది. ఇక పలకదనుకొని తల్లి లేవబోయింది.

“నీళ్లు పడ్డయి మామా” అంది కమల.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

“అమ్మ భయం సూడలేక నేనే గిలాసతోటి తలమీద సల్లటి నీళ్లు పోసి, బాప్తిస్మమని పేరు పెట్టిన. తెల్లారే జరమొచ్చింది... గీత ఎవరికి గీస్తవ్ మామా?”